లూపే అమ్మమ్మ చాప, లింగన్న మేక

నేను పాడుచేసిన వస్తువుల జాబితా రాయడం మొదలుపెడితే మా ఇంట్లో కాగితాలు చాలవు. ప్రెషర్ కుక్కర్లు రెండు, మా మామగారి రేడియో ఒకటి, ఇస్త్రీపెట్టెకు బలైన చీరలు బోలెడు. అవన్నీ పిల్లకాయల తప్పులు. నాలుగు తరాల ఆడవాళ్ళు ప్రాణంలా దాచుకున్న వస్తువును మూడు రోజుల్లో సబ్బునీళ్ళలో నానబెట్టి, కత్తిరింపజేసి, తరిగిన ముక్కలు మేకకు మేపిన ఘనత మాత్రం నా జీవితంలో ఒక్కటే ఉంది. అదే ఇప్పుడు చెప్పబోతున్నాను. మొహమాటం లేకుండా నవ్వుకోండి. ఏడవాల్సిందంతా నేను అప్పుడే ఏడ్చేశాను.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు ఇరవై మూడేళ్ళు. బాపట్ల పక్కన సముద్రం ఒడ్డు ఊరి పిల్లను. గుంటూరులో నర్సు చదువు అయ్యాక, అల్ ఐన్‌లో ఒక ఆసుపత్రిలో కాన్పులు చేయడం నేర్పే ఏడాది కోర్సుకు వెళ్ళాను. మా ఊళ్ళో మాత్రం సుగుణ దుబాయ్ పోయిందనే చెప్పుకున్నారు. ఇది దుబాయ్ కాదమ్మా, అల్ ఐన్ అని మా అమ్మకు నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ జవాబు వచ్చింది, నాలుగింట్లోనూ "దుబాయ్‌లో ఎండలు ఎలా ఉన్నాయి" అని ఉంది. ఆ తర్వాత నేను కూడా దుబాయ్ అనే రాయడం మొదలుపెట్టాను.

హాస్టల్లో నా గదిలోకి వచ్చిన పిల్ల పేరు లూపే. ఊరు టోంగా. ఆ దేశం ఎక్కడుందో తెలుసుకుందామని గోడమీది ప్రపంచపటం చూస్తే, పసిఫిక్ సముద్రం మధ్య ఈగ వాలినంత చుక్క కనిపించింది. తర్వాత చూస్తే అది నిజంగా ఈగే, ఎగిరిపోయింది. ఆ దేశం దాని కింద ఇంకా చిన్న చుక్క. మా మేట్రన్ న్యూజిలాండ్ ఆవిడ. పూర్వం ఆ దీవుల్లో పనిచేసింది కాబట్టి చురుకైన పిల్ల అని లూపేని తీసుకొచ్చి మా కోర్సులో చేర్చింది.

దేశం చుక్కంతే గానీ లూపే మాత్రం గుమ్మంలోంచి వంగి రావాల్సినంత మనిషి. నవ్విందంటే కిటికీ అద్దాలు గలగలమనేవి. వచ్చిన రోజు పెట్టె ఇంకా దించలేదు, చంకలోంచి ఒక చుట్ట తీసి రెండు చేతులతో మంచం మీద పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను. మొగలి ఆకుల చాప. మా ఊరి ఇసక దిబ్బల మీద మొగలి పొదలు నాకు తెలియనివా? కాకపోతే ఈ చాప పరమ ముసలిది. నడుమ చిల్లులు, చుట్టూ పీలికలు, రంగు చూస్తే బాగా మరిగిన టీ.

"ఇక్కడ మంచాలిస్తారు, కింద పడుకోనక్కర్లేదు" అన్నాను ధైర్యం చెబుతూ.

"ఇది పడుకునేది కాదు సుగుణా, కట్టుకునేది" అంది లూపే.

ఆదివారం ప్రార్థనకు వెళ్తూ నిజంగానే కట్టుకుంది. గౌను మీద నడుం చుట్టూ ఆ చాప చుట్టి, పైన కొబ్బరిపీచు తాడు బిగించింది. దాన్ని వాళ్ళు తఓవాలా అంటారట. దేవుడి ముందుకు గానీ పెద్దల ముందుకు గానీ అది లేకుండా పోవడమంటే, మనవాళ్ళు లుంగీ ఎగ్గట్టుకుని పెళ్ళివారి ముందుకు పోవడం లాంటిదట. ఇది మా అమ్మమ్మది, అంతకుముందు వాళ్ళ అమ్మది అని చెప్పి, చివర్న "చాలా చాలా పాతది" అంది.

పాఠకులారా, కాస్త ఈ మాట దగ్గర ఆగండి. ఇంటికొచ్చిన చుట్టానికి చాప వేసి "పాతదండీ" అని మనం ఎప్పుడంటాం? సిగ్గుపడుతూ, క్షమించమన్నట్టు అంటాం. నేనూ అలాగే విన్నాను. పాపం, కొత్తది కొనుక్కునే తాహతు లేదు కాబోలు అనుకున్నాను. ఆ పిల్ల కళ్ళు ఎంత గర్వంగా మెరుస్తున్నాయో చూశాను గానీ, చూసినవన్నీ అర్థమైతే నేను ఇలా కూర్చుని ఈ కథ రాసేదాన్నా?

భోజనాల గదిలో మిగతా అమ్మాయిలు లూపేకి చాప సిస్టర్ అని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే లూపే అందరికంటే గట్టిగా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఇక్కడ నా సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి జాడీని నేను బీరువాలో చీరల వెనక దాచాను. వాసనొస్తే ఎవరేమనుకుంటారో అని, బీరువాలో తల దూర్చి ముద్ద తినేదాన్ని. లూపే తన ఊరిని నడుముకు కట్టుకుని అందరి ముందూ తిరుగుతుంటే, నేను నా ఊరిని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు. పైగా లూపేని చూసి జాలిపడ్డాను.

కోర్సు ముగిసే రోజులు వచ్చాయి. సర్టిఫికెట్లు ఇచ్చే రోజు అందరూ తమ తమ దేశాల దుస్తుల్లో రావాలని మేట్రన్ చెప్పింది. ఫోటోగ్రాఫర్ కూడా వస్తాడట. హాస్టలంతా పండగలా అయిపోయింది. ఇస్త్రీపెట్టె కోసం క్యూలు, అద్దం ముందు తోపులాటలు. నేను దుబాయ్ సత్వా బజార్లో కొనుక్కున్న గులాబీ రంగు నైలాన్ గౌను వేసుకోవాలని నిశ్చయించుకున్నాను. మీ దేశపు దుస్తులు కావుగా అని మీరు అడగొచ్చు. మా అమ్మ తన పెళ్ళినాటి వెంకటగిరి చీర ఇచ్చింది, పెట్టె అడుగున ఉంది. ఫోటోలో నైలాన్ మెరిసినట్టు నేత చీర మెరుస్తుందా అన్నది అప్పటి నా తెలివి.

లూపే ఆనందం మాత్రం వేరు. "ఆ ఫోటో మా అమ్మమ్మకు వెళ్తుంది. నన్ను పెంచింది ఆవిడే. మా దీవిలో కాన్పులన్నీ ఆవిడ చేతి మీదే. నేను కూడా ఆ పని నేర్చి, ఈ చాప కట్టుకుని నిలబడ్డానని చూడాలి. చూడు సుగుణా, ఆవిడ ముందుగా చాపను చూస్తుంది, తర్వాతే నా మొహం చూస్తుంది."

చాపను చూస్తుందా? ఈ చిల్లుల చాపనా? మనవరాలు పరాయి దేశంలో పీలికలు కట్టుకుని నిలబడిందని ఆ ముసలావిడ కుమిలిపోదూ?

సరిగ్గా అప్పుడే లూపేకి మేట్రన్‌తో కలిసి ఎడారి ఊళ్ళ వైద్య శిబిరానికి మూడు రోజుల డ్యూటీ పడింది. చాప చుట్ట మంచం మీద పెట్టి, "జాగ్రత్తగా చూసుకో" అని నాకు అప్పగించి వెళ్ళింది. చూసుకోమన్నవాళ్ళకు నేను చేసే మేలు ఇంతింత కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, నేను ఎవరూ అడక్కుండానే పెట్టే రకం.

మొదటి రోజు స్నానాల గదిలో పెద్ద తొట్టి నిండా నీళ్ళు పట్టి, సబ్బు పొడి కలిపి చాపను నానబెట్టాను. నీళ్ళు నల్లగా దిగుతుంటే నాకు ఎంత సంతోషమో. బ్రష్షుతో రుద్దాను, తిప్పి రుద్దాను. కొబ్బరినూనె వాసన ఏదో పట్టి ఉంటే అది కూడా పోయేదాకా రుద్దాను. మేడ మీద ఆరేస్తే సాయంత్రానికి ఎండుగడ్డి రంగులోకి వచ్చింది. కొత్తదానిలా ఉందే అని చప్పట్లు కొట్టుకున్నాను.

రెండో రోజు దాన్ని లింగన్న దగ్గరికి తీసుకెళ్ళాను. లింగన్నది జగిత్యాల వైపు పల్లె. మా హాస్టల్ గోడ అవతలి ఖర్జూర తోటలో పని. చెట్టు మీంచి పడి చెయ్యి విరిగి మా ఆసుపత్రిలో ఉన్నప్పుడు పరిచయం. ఖాళీ దొరికితే ఖర్జూర మట్టలతో చాపలు, బుట్టలు అల్లేవాడు. తోట మేనేజరు, అదే ముదీర్, దయతో ఒక ఆడమేకను కూడా పెంచుకునేవాడు.

లింగన్న చాప విప్పి, చిల్లుల్లో వేళ్ళు పెట్టి చూశాడు.

"గిది ఎవలిది సిస్టరమ్మా?"

"నా గదిలో పిల్లది. మూడు రోజుల్లో జరిగే ఫంక్షన్లో నడుముకు కట్టుకుని ఫోటో దిగాలి. చిల్లులు పూడ్చి, అంచులు సరిచేసి పెట్టాలి లింగన్నా."

"సాపను నడుముకు గట్టుకుంటదా?"

"వాళ్ళ పద్ధతి అది."

"ఐతె ఆ పిల్లనే అడుగరాదు, బాగుజెయ్యాల్నా వద్దా అని?"

"అడిగితే వద్దంటుంది. మొహమాటం మనిషి."

లింగన్న తల గోక్కున్నాడు. "మా నాయినకొక రుమాలుండె తలకు సుట్టుకునేది. నిండ తూట్లే. కొత్తది తెస్తనంటె కట్టె వట్టుకొని నా ఎంబడి వడ్డడు. కొందరికి పాతదే పానం సిస్టరమ్మా."

"మీ నాన్న సంగతి వేరు. యల్లా, మొదలుపెట్టు. టైమ్ లేదు."

"నువ్వు జెయ్యమంటె జేస్త. రేపు లొల్లి అయితె మాత్రం నా పేరు జెప్పకు."

పని మొదలుపెట్టాక లింగన్న చెయ్యి ఆగలేదు. లేత ఖర్జూర ఆకులు నీళ్ళలో తడిపి, చిల్లు చిల్లుకూ మాసిక అల్లాడు. ఎక్కడ పాతది ఆగి ఎక్కడ కొత్తది మొదలైందో వేలితో తడిమినా తెలియనంత బిగువు. తర్వాత కొడవలి తీసి చుట్టూ వేలాడే పీలికలన్నీ కోసి, అంచు మడిచి కుట్టాడు. నేను పక్కన కూర్చుని అక్కడ ఇంకొంచెం, ఇక్కడ ఇంకొంచెం అని కోయిస్తూనే ఉన్నాను.

"ఈ తుక్కు ఏం జెయ్యాలె?"

"పారెయ్ లింగన్నా."

పారేసే పని మేక పెట్టలేదు. ఎప్పుడు వచ్చిందో, ఆ పీలికల కుప్ప దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, మర్యాదగా నమిలి మింగింది. "ఖలాస్" అన్నాడు లింగన్న. ఇద్దరం నవ్వుకున్నాం. తోట శుభ్రం చేసే శ్రమ తప్పిందని నేను మేక తల నిమిరాను కూడా.

ఇంతటితో ఆగితే నేను సుగుణను ఎలా అవుతాను? గదికి వచ్చి చూస్తే అంచు బోసిగా కనిపించింది. పెట్టె అడుగున మా అమ్మ వెంకటగిరి చీర గుర్తొచ్చింది. నేనెలాగూ గౌను వేసుకుంటున్నాను కదా. కత్తెర తీసి చీర జరీ అంచు బారెడు కత్తిరించి, చాప చుట్టూ కుట్టేశాను. మూడో రోజు మధ్యాహ్నానికి పని పూర్తయింది. చాపను లూపే మంచం మీద పరిచి, పైన ఒక పువ్వు పెట్టి, ఆ పిల్ల ఎంత గట్టిగా నవ్వుతుందో, ఏ అద్దం పగులుతుందో అని తలుపు దగ్గర గెంతుతూ నిలబడ్డాను.

లూపే, మేట్రన్ కలిసే వచ్చారు. లూపే గుమ్మంలో వంగి లోపలికి వచ్చి, మంచం వైపు చూసి, నిలబడిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాను.

మెల్లగా వెళ్ళి చాపను ఎత్తి మొహానికి ఆనించుకుని వాసన చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. సబ్బు వాసన తప్ప ఏం వస్తుంది? చాపను కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఏడాదిలో ఆ పిల్ల నవ్వకుండా గది దాటడం అదే మొదటిసారి.

మేట్రన్ తలుపు దగ్గరగా వేసి, నన్ను కూర్చోమంది. అప్పుడు తెలిసింది నాకు. ఆ దేశంలో చాప ఎంత చిరిగితే అంత గొప్పదట. ఒక్కో చిరుగు ఒక్కో పెళ్ళిలో, ఒక్కో చావులో, ఒక్కో పండగలో పడింది. పీలికలు వేలాడే చాపను రాజుగారి ముందుకు కట్టుకెళ్తారు. కొత్తగా మెరిసే చాప కట్టుకుంటే, ఇంట్లో పెద్దలు ఏమీ మిగల్చలేదు కాబోలు అని జాలిపడతారట. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. అక్కడ పాతే వింత, కొత్తే రోత అని నాకెవరు చెప్పారు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారే, నేను ఆకులు పట్టుకునే చేతులు కాల్చుకున్నాను.

"కోసిన అంచు ఎక్కడుంది? తిరిగి కుట్టవచ్చేమో" అంది మేట్రన్.

"తోటలో."

"వెళ్ళి తీసుకురా మరి."

"రాదు మేట్రన్."

"ఎందుకు రాదు?"

"మేక తినేసింది."

మేట్రన్ అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఈ రోజుకీ నాకు తెలియదు.

లూపే వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ముక్కు చీదుకుంటూ అంతా చెప్పాను. సబ్బు పొడి, కొడవలి, మేక, జరీ, ఒక్కటీ దాచలేదు. తన పేరు చెప్పొద్దన్నాడని చెబుతూ లింగన్న పేరు కూడా చెప్పేశాను.

"మా అమ్మమ్మ వాసన పోయింది సుగుణా" అంది లూపే. "ఆవిడ కాన్పులకు వెళ్ళేటప్పుడు చేతులకు కొబ్బరినూనె రాసుకునేది. ఆ చేతులతోనే చాప కట్టుకునేది. ఇక్కడ దిగులేసినప్పుడల్లా దాన్ని వాసన చూసి పడుకునేదాన్ని."

నేను ఇక తల ఎత్తలేదు. లూపేయే అడిగింది. "ఆ మెరిసే అంచు ఎక్కడిది?"

"మా అమ్మ పెళ్ళిచీరది."

"మీ అమ్మ పెళ్ళిచీరను కోశావా? నాకోసమా?"

తల ఊపాను. లూపే నన్ను అలాగే చూసింది. పెదవి కొస కొంచెం కదిలింది. "నీకు బుద్ధి లేదు" అంది. ఆ మాటతో నాకు సగం ప్రాణం తిరిగొచ్చింది. "సరే, శిక్ష విను. జరీ నువ్వే విప్పాలి. ఎల్లుండి నువ్వు ఆ గులాబీ గౌను వేసుకోకూడదు. మీ అమ్మ చీరే కట్టుకోవాలి, కోసిన అంచుతోనే. నా పక్కనే నిలబడి ఫోటో దిగాలి. ఎవరిని తిట్టాలో మా అమ్మమ్మకు తెలియాలి కదా. ఇంకా, చేసిందంతా రాసి ఆవిడకు ఉత్తరం పంపాలి."

మర్నాడంతా కుట్లు విప్పుతూ కూర్చున్నాను. లింగన్న మాసికలు మాత్రం విప్పితే చాపే విడిపోయేలా ఉంది, అందుకని ఉంచేశాం. ఫంక్షన్ రోజు పొద్దున్నే నా కొబ్బరినూనె సీసా తెచ్చి లూపే చేతిలో పెట్టాను. ఇద్దరం నూనె చేతులతో చాపను ఇటూ అటూ తడిమాం. లూపే వాసన చూసి, "ఇది మా నూనె కాదు, అయినా కొబ్బరే" అంది. పీచు తాడు నన్ను కట్టమంది. నేను వెంకటగిరి చీర కట్టుకున్నాను. ఒక పక్క అంచు ఉంది, ఒక పక్క దారాలు వేలాడుతున్నాయి. చూసినవాళ్ళంతా "సుగుణా, చీర చిరిగింది" అంటుంటే, "అవును, మా అమ్మది. చాలా పాతది" అని ఆనందంగా చెప్పుకుంటూ తిరిగాను. లూపే ఆ మాట ఎలా చెప్పిందో అప్పటికి నాకు పట్టుబడింది. ఆ సాయంత్రమే గోంగూర జాడీ బీరువాలోంచి బల్ల మీదికి వచ్చింది. మేట్రన్ ఒక చెంచా తిని మూడు గ్లాసుల నీళ్ళు తాగింది, మళ్ళీ ఒక చెంచా అడిగింది.

ఉత్తరం, ఫోటో వెళ్ళాయి. కోర్సు అయ్యాక ఇద్దరం ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తుండగా మూడో నెలలో జవాబు వచ్చింది. లూపే చదివి నాకు చెప్పింది.

"ముందు చాపను చూశాను. సబ్బుతో కడిగిన పిల్ల చెవి మెలిపెట్టు. మాసిక వేసినవాడి చెయ్యి మంచిది, వాడి పేరు చాప కథలో చేర్చాను. నీ పక్కన నిలబడ్డ పిల్ల చిరిగిన చీర కట్టుకుంది, మర్యాద తెలిసిన పిల్లే. ఒక్కటే లోటు. ఉత్తరంలో మేక పేరు రాయలేదు. చాప కథ చెప్పేటప్పుడు దాన్ని ముట్టుకున్న వాళ్ళందరి పేర్లూ చెప్పాలి. వెంటనే రాసి పంపండి."

లూపే నా చెవి మెలిపెట్టి, నవ్వడం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఇద్దరం తోటకు పరుగెత్తాం.

"మేకకు పేరేంది సిస్టరమ్మా?" అన్నాడు లింగన్న. "మేక అంటె మేకనే."

"లేకపోతే పెట్టు లింగన్నా. పెద్దావిడ అడిగింది."

లింగన్న మేకను చూశాడు, నన్ను చూశాడు. "నా పేరు జెప్పద్దంటె జెప్పినవు గద. ఇగ రాసుకో. దాని పేరు సుగుణ."

లూపే నేను నోరు తెరిచేలోగా కాగితం మీద రాసేసుకుంది.

లూపే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, పెళ్ళి చేసుకుంది, ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుంది. ఖర్జూర మాసికలు కూడా చిరుగులు పట్టి, ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నాయట. ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడల్లా పెద్దలు చాప విప్పి దాని కథ చెబుతారట. ఎడారి దేశంలో లింగన్న అనే ఆయన మాసిక వేశాడు, సుగుణ అనే నర్సు సబ్బుతో కడిగింది, సుగుణ అనే మేక అంచు తినేసింది అని. పిల్లలకు అంత తేడా ఎక్కడ గుర్తుంటుంది? ఆ దీవిలో ఒక తరమంతా, తెలుగుదేశపు నర్సులు చాపలు తింటారని నమ్ముతూ పెరిగిందట.

అందుచేత, తెగిన ఆ వెంకటగిరి అంచు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. చిరిగిన వస్తువు ఏది కంటబడినా, అది ఎవరిదో, ఏ తరానిదో, ఏ చిరుగు ఎప్పుడు పడిందో అడిగి తెలుసుకోకుండా ఈ జన్మలో సూది పట్టను. మా ఆయన బనియన్ల విషయంలో ఈ నియమం పెళ్ళైన నాటి నుంచి అమల్లో ఉంది. టోంగా లెక్కన చూస్తే ఇప్పుడు వాటిని రాజుగారి ముందుకు కట్టుకెళ్ళవచ్చు.